ఏడో నంబరు మోటరు

నిస్సార్ దుకాణానికి బోర్డు లేదు. పెట్టే అక్కర ఎన్నడూ పడలేదు. సిద్దిపేటల మెదక్ రోడ్డు మీద నిలబడి, బోరు మోటరు కాలిందని ఎవలతోనన్న అంటే చాలు, ఆ సందు దిక్కు చెయ్యి చూపెడుతరు. సందుల అడుగు పెట్టంగనే కాలిన తీగ వాసన, వార్నిష్ వాసన కలిసి ముక్కుకు తలుగుతయి. ఆ వాసన పట్టుకొని పోతే నిస్సార్ స్టూలు మీద కూసోని, ముంగట మోటరు పెట్టుకొని, తీగ చుట్టుకుంట కనబడుతడు. తండ్రి నేర్పిన పని. ఒక్కడే చేస్తడు, పనోళ్లను పెట్టుకోడు. ఇంకొకరు చుట్టిన చుట్టు ఆయన కంటికి ఆనదు.

మనిషి మంచోడే గాని, ఏ మాటకామాటే చెప్పుకోవాలె, ఒక్క గర్వం ఉండె. యాది గర్వం. మోటరును చూడంగనే గిది ఎవలది, ఏ ఊరిది, పోయినసారి ఎందుకు కాలింది, ఆ బోరుల ఎంత లోతుకు రాయి అడ్డమున్నది, బడి పిల్లగాడు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేటోడు. దుకాణంల కాయితం ముక్క కనబడకపోయేది. కాని ఇంట్ల ఆయన యాదికి ఇంత ఇజ్జత్ లేదు. భార్య గులాబ్‌బీ బజారుకు పంపితే అన్నీ తెచ్చి కొత్తిమీర మర్చిపోయేటోడు. పెండ్లయిన కాన్నుంచి మర్చిపోతనే ఉన్నడు. ఊర్ల రైతుల బోర్ల లోతులు యాదికుంటయి, ఇంట్ల కూరకు కొత్తిమీర యాదికుండదు అని ఆమె వాకిట్లనే అందుకునేది. సందంత వినబడేది. నిస్సార్ నవ్వుకుంట కాళ్లు కడుక్కునేటోడు.

అసొంటి మనిషికి తన తల్కాయను చూసి తానే బుగులు పడే కాలం వచ్చింది. అదెట్లొచ్చిందో చెప్త వినున్రి.

ఆ యాసంగిల ఎండలు ముందుగాలనే ముదిరినయి. బోర్లు అడుగంటినయి, మోటర్లు వట్టిగ తిరిగి తిరిగి కాలినయి. దుకాణం ముందట మోటర్లు వరుస పెట్టినయి. ఫోను ఆగకుంట మోగుడే. చెయ్యి తీగ మీద, చెవి ఫోను మీద, నోరు రైతు మీద. నిస్సార్ బిడ్డ హీబా సిద్దిపేటల్నే ఐటీ టవర్‌ల నౌకరి చేస్తది. ఆ పిల్ల ఒక దినం అన్నం డబ్బ ఇయ్యవచ్చి, తండ్రి అవస్థ చూసి, ఈ పనుల లెక్క ఇగ నీ తల్కాయల కాదు, ఫోనుల పెట్టుకో అన్నది. పెట్టింది కూడ. పెడితే ఏమాయె? వార్నిష్ అంటిన వేళ్లకు ఫోను తెర పలుకదు, పలికితే ఇంకోటి పలుకుతది. పనుల లిస్టు తెరవబోతే దుబాయిల ఉన్న తమ్మునికి వీడియో కాల్ పోయింది. ఆ తమ్ముడు అన్నకేమో అయిందని గాబరపడి ఇంటికి ఫోన్ చేసిండు.

అప్పుడు హీబా దోస్తు దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చింది. దాంట్ల లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. తెర మీద బొమ్మల్లేవు, రంగుల్లేవు, మౌసు పనిలేదు. నల్ల తెర, ఒక మూలకు మినుకు మినుకుమనే చిన్న గీత. టూడూ యాడ్ అని కొట్టి పేరు కొడితే పని లిస్టుల పడ్తది. టూడూ లిస్ట్ అని కొడితే మిగిలిన పనులన్నీ నంబర్లేసి చూపెడ్తది. పని అయినంక టూడూ డన్ అని దాని నంబరు కొడితే ఆ పని లిస్టుల కెల్లి పోతది. వార్నిష్ వేలైతేంది, గ్రీజు వేలైతేంది, బటన్ నొక్కితే టక్కుమని పడ్తది. పైంగ హీబా ఇంకో ఇకమతు చేసింది. డన్ కొట్టంగనే ఆ రైతు ఫోనుకు, మీ మోటరు తయారైంది, వచ్చి తీస్కపోండ్రి అని మెసేజి పోయేటట్టు పెట్టింది.

దీనికి పైసలెంత అని నిస్సార్ అడిగిండు. ఏం లేదు, ఫుకట్‌నే అన్నది. ఎవలో ఏ దేశపోళ్లో కలిసి రాసి, అందరికీ తెరిచి పెట్టిన్రట. ఎవలన్న వాడుకోవచ్చు, లోపట ఎట్లుందో చూడొచ్చు, నచ్చకుంటే మార్చుకోవచ్చు. ఎండకాలం సడక్ పక్కన పెట్టిన చల్లనీళ్ల కుండ అసొంటిది. నిస్సార్‌కు ఆ మాట మనసుకు పట్టింది. ఈ మధ్య వచ్చే కంపెనీ మోటర్లకు సీలేసి పంపుతరు, విప్పొద్దంటరు, విప్పితే గ్యారంటి లేదంటరు. వాటిని చూస్తే ఆయనకు ఒళ్లు మండుతది. అయితే గిది సీలు లేని మోటరన్నట్టు అని మెచ్చుకున్నడు. నాల్గు దినాల్ల ఆ నల్ల తెరతోని దోస్తాన్ కుదిరింది. ఆ ల్యాప్‌టాప్ పెట్టె మీద భారం వేసినంక, ఎవల మోటరు ఎందాక వచ్చిందని తల్కాయల పెట్టుకునుడు మానేసిండు.

ఇప్పుడు ఒక్క సంగతి చెప్పాలె. వైండింగ్ దుకాణంల మోటరు విప్పితే దాని ముక్కలు నాల్గు దిక్కులైతయి. బాడీ ఒక దిక్కు, మూతలు ఒక దిక్కు, లోపటి రాడ్డు ఒక దిక్కు. కిరోసిన్‌ల కడిగితే మీది రాతలన్నీ పోతయి. అందుకే రాంగనే ప్రతి ముక్క మీద పసుపు పేంటుతోని నంబరు వేస్తరు. నిస్సార్ తండ్రి కాలం నుంచి అదే రివాజు. ఆయన్ని ఇంట్ల అబ్బాజాన్ అనేటోళ్లు. అబ్బాజాన్ ఒక మాట చెప్పేటోడు: మోటరుకు నంబరు పడ్డదంటే పుట్టిన బిడ్డకు పేరు పెట్టినట్టే, గడప దాటే దాక అదే నంబరు. ఇప్పుడు పెట్టె తానే నంబరు ఇస్తుంది గదా, ఇగ వేరే నంబరెందుకని నిస్సార్ తెర మీద ఏది చూపెడితే అదే మోటరు మీద వేసుడు షురు చేసిండు. నంబరు కొడితే చాలు అబ్బా అని హీబా కూడ తండ్రితోని అన్నది. ఎవలకు అనుమానం రాలేదు.

కొన్ని దినాలు నీళ్ల లెక్క నడిచింది. తర్వాత వంకరలు మొదలైనయి. దౌల్తాబాద్ దిక్కు రైతు ఒకాయన మెసేజి వచ్చిందని ఆటో కట్టుకొని వచ్చిండు. ఆయన మోటరు ఇంకా విప్పలే, కడగలే. నిస్సార్ చేతులు పట్టుకొని పంపించిండు. ఇంకో దినం చూస్తే రెండు మోటర్ల మీద ఒకటే నంబరు. రెండూ తన చేతి రాతే. ఒక్క నంబరు రెండుసార్లు ఎట్లేసినా అని నిలబడి చూసిండు, చూసి చూసి ఒకదాన్ని గీకేసిండు. నవ్వుకుందామనుకున్నడు గాని నవ్వు రాలేదు. ఎందుకంటే అబ్బాజాన్ యాదికొచ్చిండు.

అబ్బాజాన్ ఆఖరి ఏండ్లల్ల గిట్లనే మొదలైంది. ముందుగాల పేర్లు మర్చిండు. తర్వాత ఒక రైతు మోటరు మంచిగ చుట్టి పెట్టి, తెల్లారి వచ్చి అదే మోటరును విప్పి, కొత్త తీగను కోసేసి మళ్ల చుట్టిండు. రైతులు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్విన్రు. ఆఖరుకు లాల్ కమాన్ కాడ నిలబడి ఇంటి తొవ్వ ఎటో అడిగిండు. ఆ మనిషిని చెయ్యి పట్టి ఇంటికి తెచ్చింది నిస్సారే. ఆ చెయ్యి ఎంత సల్లగుండెనో ఇప్పటికీ మర్వలేదు.

ఇగ చూడున్రి, ఆ రంది పట్టుకున్న కాన్నుంచి మనిషి మనిషి తీరుగ లేడు. పొద్దుగాల చాయ తాగుకుంట సుట్టాల పేర్లు వరుస పెట్టి లోలోపల చదువుకునేటోడు. మేనత్త పిల్లల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు. ఒక్కటి తప్పితే మళ్ల మొదటికెల్లి షురు చేసేటోడు. ఎవలకూ చెప్పలేదు, తేలు కుట్టిన దొంగ లెక్క గప్‌చుప్‌గ ఉన్నడు. గులాబ్‌బీ కూడ ఈ మధ్య బజారు పని చెప్తలేదు. పాలు తెమ్మనదు, అల్లం తెమ్మనదు. వాకిట్ల అందుకునుడు బందైంది. పోనీ, ఇల్లన్న సల్లగుందని నిస్సార్ అనుకున్నడు.

ఒక సోమవారం ఆ రంది నిజమైంది. దుకాణం తెరిచి టూడూ లిస్ట్ కొడితే సారయ్య పేరు కనబడ్డది. సారయ్య మోటరు ఇంకా కాలేదా, అయిందనుకున్ననే అని, పెట్టె కంటె తన తల్కాయ గట్టిదా అనుకొని మోటరును ముందటికి గుంజిండు. బోల్టులు విప్పి మూత తీసిండు. లోపట కొత్త తీగ మిలమిల మెరుస్తుంది. ముడి చూసిండు. ఎడమకు మలిపి వేసిన ముడి, సిద్దిపేట మొత్తంల ఆ ముడి వేసేది ఆయనొక్కడే. చుట్టిన మోటరును మళ్ల విప్పిండు. అబ్బాజాన్ విప్పినట్టే విప్పిండు. నిస్సార్ స్టూలు మీద కూసున్నడు. భయమేసింది. వయసైన మగోనికి ఏడుపు రావద్దంటరు గాని వచ్చింది.

ఆ దినమే ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసిండు. ఓంప్రకాశ్‌కు బజార్ల మోటర్ల సామాన్ల దుకాణం ఉన్నది. నిస్సార్ జాగ తనకు ఇచ్చెయ్యమని ఎప్పటి నుంచో అడుగుతున్నడు. శుక్రవారం జుమ్మా నమాజు అయినంక వచ్చి తాళాలిస్త, మాట్లాడుకుందామని నిస్సార్ చెప్పిండు. ఆయన ఎందుకని అడిగితే, ఇగ చాతనైతలేదు సేటూ అన్నడు. రైతుల ముందల నవ్వులపాలు కాకముందే, ఎవరి పంటనో ఎండబెట్టకముందే లేచిపోవుడు మంచిదని గట్టిగనుకున్నడు. ఫోను పెట్టేసి నల్ల తెర ముందట కూసోని, టూడూ యాడ్ ఓంప్రకాశ్ తాళాలు జుమ్మా అని కొట్టిండు. ఈ మాట కూడ యాదికుంటదో లేదో అని.

గురువారం పొద్దుగాల మిరుదొడ్డి కొండవ్వ వచ్చింది. పెద్ద మనిషి, అబ్బాజాన్ ఉన్నప్పటి సందీ ఈ దుకాణానికే వస్తది. అల్లుని ఆటో ట్రాలీ బయట ఆపి, కొంగుల నుంచి ఫోన్ తీసి చూపెట్టింది. మోటరు తయారైందని శనివారమే మెసేజి వచ్చిందట. చదివే మనిషి ఇంట్ల లేక నిన్న తెలిసిందట. వరి పొట్టకొచ్చింది, మడి నెర్రెలు బాస్తుంది, దబ్బున ఎక్కియ్యి అన్నది.

నిస్సార్ నల్ల తెర చూసిండు. లిస్టుల కొండవ్వ పేరే లేదు. లోపటికి పోయి చూసిండు. గోడ పొంటి, అన్నిటికంటె ఎనుక, పసుపు పేంటుతోని ఏడు అని రాసి ఉన్న మోటరు. కాలిన తీగ కాలినట్టే ఉన్నది. బయటికొచ్చి కొండవ్వ ముందట నిలబడ్డడు. ఆమె ముఖం చూసే అర్థం చేసుకున్నది. తిడ్తదనుకున్నడు, తిట్టినా బాగుండు. కొండవ్వ తిట్టలేదు. మెల్లగ భుజం మీద చెయ్యేసింది.

"తమ్మీ, నీకు పాణం మంచిగుంటలేదా? మీ నాయిన గూడ షురువుల గిట్లనే జేసిండు."

ఎవలూ అనొద్దని దాచిపెట్టుకున్న మాట ఎదురుంగ నిలబడి అన్నట్టయింది. నిస్సార్ తలకాయ వంచుకున్నడు. పొద్దుమూకెలోపల మోటరు నీ ట్రాలీల ఉంటది అవ్వా, లేకుంటే నన్ను మనిషే అనకు అన్నడు. కొండవ్వ అట్లనే కానియ్యి అని అల్లుని పంపించి, దుకాణం అరుగు మీద కొంగు పరుచుకొని కూసున్నది. పోనని అనలేదు గాని కూసునుడే చెప్పింది.

నిస్సార్ ఏడో నంబరు మోటరును ముందటేసుకొని పనిల పడ్డడు. కాలిన తీగ గుంజి తీసిండు. బాడీ కడిగిండు. కొత్త తీగ షురు చేసిండు. నీళ్లల్ల మునిగే మోటరు గనుక తీగకే ప్లాస్టిక్ తొడుగు ఉంటది, వార్నిష్ పెట్టి ఎండబెట్టే పని లేదు. అల్లాహ్ ఆ మాత్రం దయ చూపెట్టిండనుకున్నడు. ఇదే ఆఖరి మోటరనుకున్నడు. చేతులు వాటి పని అవి చేసుకపోతనే ఉన్నయి.

పగటి పూట హీబా అన్నం డబ్బ తెచ్చింది. ఆ దినం ఆమెకు ఇంటి నుంచే పని. అరుగు మీద కొండవ్వను చూసింది, లోపట తండ్రి ముఖం చూసింది, ఏమైంది అబ్బా అన్నది. నిస్సార్ చెయ్యి ఆపకుంటనే, తల ఎత్తకుంటనే చెప్పిండు. ఎప్పటి నుంచి దాచుకున్నదంతా బయటపెట్టిండు. మెసేజిల సంగతి, రెండు మోటర్ల మీద ఒకటే నంబరు, సారయ్య మోటరు మళ్ల విప్పింది, రేపు ఓంప్రకాశ్‌కు తాళాలిచ్చేది. మీ తాత రోగం నాకు వచ్చింది బేటా, మీ అమ్మీకి చెప్పకు అన్నడు.

హీబా డబ్బ కింద పెట్టి పక్కన కూసున్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తుడుచుకొని, నల్ల తెర ముందటికి జరిగి, శనివారం నాడు ఏం కొట్టినవ్ అని అడిగింది. డన్ ఐదు అని కొట్టిన, సారయ్య మోటరు అయింది, దాని మీద ఐదు ఉన్నదాయె అన్నడు. ఆ మాట వినంగనే పిల్ల చెయ్యి బటన్ల మీద ఆగింది. మోటర్ల మీది పసుపు నంబర్ల దిక్కు చూసింది, తెర దిక్కు చూసింది, మళ్ల మోటర్ల దిక్కు చూసింది. మోటరు మీది నంబరు చూసి కొడ్తున్నవా అబ్బా అని అడిగింది. ఇంకేది చూసి కొడ్తరు అన్నడు నిస్సార్.

హీబా రెండు చేతులతోని నెత్తి పట్టుకున్నది.

తర్వాత చుట్టుడైపోయిన మోటరు ఇంకేదన్న ఉన్నదా అని అడిగింది. నరహరిది ఉన్నది, పొద్దుగాలనే అయింది, డన్ కొట్టలేదన్నడు. ఇటు చూడు అని తెరను ఆయన దిక్కు మలిపింది. లిస్టుల రెండోది నరహరి, మూడోది బుచ్చిరాములు. చదువుమన్నది, చదివిండు. టూడూ డన్ రెండు అని కొట్టింది. మళ్ల లిస్ట్ కొట్టింది, మళ్ల చదువుమన్నది. ఇప్పుడు రెండోది బుచ్చిరాములు.

నిస్సార్ కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ల పెట్టుకొని చూసిండు. బుచ్చిరాములు రెండుకు ఎట్లొచ్చిండు అని అడిగిండు.

"ముందటోడు లేచిపోయిండు, ఎనుకటోడు జరిగిండు. దీనికి నంబరంటే పేరు గాదు అబ్బా, లైన్ల నిలబడ్డ జాగ. ఒకలు పోతే అందరూ జరుగుతరు. నువ్వేమో తాత చెప్పినట్టు మోటరు మీద పేంటేసి పెట్టినవ్."

తర్వాత విడమర్చి చెప్పింది. కొండవ్వ మోటరు వచ్చిన నాడు లైన్ల ఏడోది, అందుకే దాని మీద ఏడు పడ్డది. ముందటి పనులు రెండైపోయినయి, ఆమె జరిగి ఐదుకు వచ్చింది. సారయ్య కూడ ఐదుకెల్లి మూడుకు జరిగిండు. శనివారం నిస్సార్ సారయ్య మోటరు మీది నంబరు చూసి డన్ ఐదు కొడితే, ఆ పెట్టె పాపం చెప్పినట్టే చేసింది. ఐదో నంబర్ల ఉన్న కొండవ్వ పేరు తీసేసి, మోటరు తయారైందని ఆమెకు మెసేజి పంపింది. సారయ్య పని అయినా లిస్టుల అట్లనే మిగిలింది. అందుకే సోమవారం కనబడ్డది, అందుకే విప్పినవ్. కొత్తగ వచ్చిన మోటరుకు పాత నంబరే మళ్ల వచ్చుడు కూడ అందుకే. మరి డన్ కొట్టంగనే ఎవల పని అయిందో ఆ పేరు రాసి చూపెడ్తది గద, చూడలేదా అని అడిగింది. ఏదో లైను పడ్తది, ఫోను మాట్లాడుకుంట కండ్లద్దాలు లేకుంట దాన్ని ఎవడు చదువుతడు అన్నడు నిస్సార్.

అని, ఆగిండు. ఇప్పుడు తీగ కూడ ఆగింది. అంటే తాను డన్ అన్నది నిజమే, సారయ్యది అయిందనుకున్నది నిజమే, ఒక్క నంబరు రెండుసార్లు వేసింది కూడ తప్పు గాదు. ఇన్ని దినాలు తాడు జూసి పామనుకున్నడు. నిస్సార్‌కు ముందుగాల నవ్వొచ్చింది. ఆ నవ్వుల నుంచే ఏడుపొచ్చింది. తీగ పట్టుకున్న చెయ్యి వదలకుంట, ఇంకో చేతి భుజంతోని కండ్లు తుడుచుకున్నడు. హీబా కూడ ఏడ్చుకుంటనే, తప్పు నాదే, నంబరు కొడితే చాలని నేనే చెప్తి అన్నది. నువ్వు చెప్పింది పెట్టె రివాజు, నేను విన్నది దుకాణం రివాజు, ఇద్దరం సక్కగనే చేసినం అన్నడు.

జర సేపటికి హీబాకు ఏదో తట్టింది. ఇప్పటిదాంక ఇంత మాట్లాడుకుంట, ఏడ్సుకుంట చుడుతనే ఉన్నవ్ గదా, ఈ కాయిల్‌ల ఎన్ని చుట్లు పోయినయి అని అడిగింది.

"ముప్పై రెండు" అన్నడు నిస్సార్. ఆలోచించలేదు, తడబడలేదు.

హీబా ముందటికి వంగి, గోరుతోని ఒక్కొక్క తీగ పక్కకు జరుపుకుంట లెక్కపెట్టింది. ముప్పై రెండే ఉన్నయి. తల్కాయ పోయినోడు చుట్లెట్ల లెక్కపెడుతడు అబ్బా అని తండ్రి మోకాలు మీద తల ఆనించింది. అరుగు మీదికెల్లి కొండవ్వ, ఏమైంది, తండ్రిబిడ్డలు ఏడుస్తున్నరా నవ్వుతున్నరా అని అడిగింది. నిస్సార్ బయటికొచ్చి ఆమెకు సమజయ్యేటట్టు చెప్పిండు. రేషన్ దుకాణం లైన్ల ముందటోడు పోతే ఎనుకటోళ్లు జరుగుతరు గద అవ్వా, గట్ల అన్నడు. కొండవ్వ అంతా విని, అయితే నువ్వు మంచిగనే ఉన్నవన్నట్టు అన్నది. ఉన్న అవ్వా అన్నడు. మరి కూసోని కబుర్లేంది, నా మోటరు కానియ్యి అన్నది. అంతకంటె తియ్యటి తిట్టు నిస్సార్ ఈ మధ్యల వినలేదు.

అన్నం తినుకుంట హీబా ఆ సాఫ్ట్‌వేర్‌ను విప్పింది. సీలు లేనిదాయె, ఎవలను అడిగే పని లేదు. ముందుగాల, పోయిన కొండవ్వ పేరును మళ్ల లిస్టుల ఎక్కించింది. ఇగ మీదట నంబరు కొడితే డన్ తీసుకోదు, పేరు కొట్టాలె. కొట్టినంక కూడ, గీ మనిషిదేనా అని పెద్ద అక్షరాలతోని అడుగుతది, అవునంటేనే మెసేజి పోతది. నిస్సార్ అటు పేంటు డబ్బ తీసి, మోటర్ల మీద నంబర్లన్నీ గీకేసి పేర్లు రాసిండు. ఏడు అన్న కాడ కొండవ్వ అని రాసి, ఇది గడప దాటే దాక ఇదే పేరు అన్నడు.

పొద్దుమూకక ముందే మోటరు తయారైంది. నీళ్ల డ్రమ్ముల ముంచి కరెంటు ఇస్తే, తేనెటీగల రొద లెక్క సల్లగ మోగింది. కొండవ్వ చెవి పెట్టి విని, మీ నాయిన చుట్టిన మోటరు గిట్లనే మోగేది అన్నది. పొద్దుగాల కూడ ఆమె ఆయన పేరే తీసింది. అప్పుడు గుండె జారింది, ఇప్పుడు గుండె నిండింది. అల్లుడు మళ్ల తెచ్చిన ట్రాలీ సందు మలిగే దాక నిస్సార్ నిలబడి చూసిండు. డన్ మాత్రం కొట్టలేదు.

తెల్లారి శుక్రవారం. దుకాణం తెరవంగనే కొండవ్వ ఫోన్ చేసింది. మోటరు దించిన్రట, నీళ్లు పడ్డయట, ఫోను పట్టుకొని మడి గట్టు మీదనే నిలబడ్డదట. నీళ్ల సప్పుడు వినబడుతుందా తమ్మీ అని ఫోనును పైపు కాడ పెట్టింది. వినబడింది. నిస్సార్ కండ్లు మూసుకొని విన్నడు. తర్వాత కండ్లద్దాలు పెట్టుకొని టూడూ డన్ కొండవ్వ అని కొట్టిండు. గీ మనిషిదేనా అని అడిగింది. అవునన్నడు. మెసేజి పోతే పోనీ, ఎటూ ఆమెకు తెలుసు.

లిస్టుల ఓంప్రకాశ్ తాళాలు జుమ్మా అన్న లైను ఇంక ఉన్నది. ముందుగాల ఆయనకు ఫోన్ చేసిండు. సేటూ, మాఫ్ చెయ్యి, నాకు చాతనైతుంది అన్నడు. ఓంప్రకాశ్ ఏమీ సమజుకాక, మంచిది భాయ్, చాతనైతేనే మంచిది అన్నడు. నిస్సార్ ఆ లైనును తీసేయమని కొట్టిండు. నిజంగనే తీసెయ్యాల్నా అని నల్ల తెర అడిగింది. ఎన్నడూ ఒక్క వేలుతోనే కొట్టేటోడు, ఈసారి రెండు చేతులతోని అవును అని కొట్టిండు.

నమాజుకు పోవుడానికి లేస్తుంటే గులాబ్‌బీ ఫోనొచ్చింది. రాత్రే హీబా తల్లికి అంతా చెప్పిందని ఆయనకు తెల్వదు. ఏమే అనేలోపలనే ఆమె అందుకున్నది. వచ్చేటప్పుడు అల్లం, ఎల్లిపాయ, పుదీన, పెరుగు, కిలో ఉల్లిగడ్డ, కొత్తిమీర. ఊపిరి తీసుకోకుంట చెప్పి, చెప్పిన గదా, మర్వకు అని పెట్టేసింది. నిస్సార్ ఫోను చేతిల పట్టుకొని అట్లనే నిలబడ్డడు. ఎన్ని దినాలాయె ఆమె బజారు పని చెప్పి. ఇల్లు ఎందుకు సల్లగున్నదో ఇప్పుడు సమజైంది. పొద్దుగాల చాయ కాడ తాను పెదవులు కదిలిస్తుంటే ఆమె చూసింది. మామను కడ దాక చూసుకున్న మనిషి, ఆమెకు తెల్వదా? మర్చిపోయి వస్తే మగోని మనసు విరుగుతదని ఏదీ తెమ్మనలేదు. తిట్టుడు కూడ మానేసింది. ఒక్క ఇంట్ల ఇద్దరూ ఒకటే బుగులు పెట్టుకొని, ఒకరికి ఒకరు కనబడనియ్యక తిరిగిన్రు.

నల్ల తెర మీద గీత మినుకుమంటనే ఉన్నది. ఆ సామాన్ల పేర్లు దాంట్ల కొట్టుదామా అని ఒక్క గడియ అనిపించింది. వద్దనుకున్నడు. మూత పెట్టేసి తాళం వేసి పోయిండు.

నమాజు చేసిండు, బజారుకు పోయిండు. అల్లం, ఎల్లిపాయ, పుదీన, పెరుగు, ఉల్లిగడ్డ. సంచి నిండ పట్టుకొని, ఛాతి ఇరవై ఏండ్ల పిల్లగాని లెక్క పెట్టుకొని ఇంటికొచ్చిండు. వాకిట్ల గులాబ్‌బీ సంచి అందుకున్నది. ఒక్కొక్కటి తీసి అరుగు మీద పెట్టింది. సంచి తిరగేసి దులిపింది. నిస్సార్‌కు అప్పుడు యాదికొచ్చింది, గాని అప్పటికే ఆలస్యమైంది. ఆమె ఆయన ముఖం చూసింది. ఒక్క చిటికె సేపు ఇద్దరి పాణం ఆగింది. మరుగడియనే గులాబ్‌బీ కండ్లల్ల నీళ్లు తిరిగి, నోటి నిండ నవ్వొచ్చి, నవ్వును కోపంల దాచుకొని అందుకున్నది.

"ఊర్ల బోర్ల లోతులు యాదికుంటయి, కొత్తిమీర యాదికుండదు. పెండ్లయిన కాన్నుంచి గిదే కత!"

సందంత వినబడ్డది. నిస్సార్ నవ్వుకుంట కాళ్లు కడుక్కున్నడు.